బొమ్మకాళ్ళు

చెంబు పైకెత్తి రెండు గుటకలు మింగాడో లేదో, పోశాలు కాళ్ళు రెండూ ఒక్కసారిగా చాచుకుని ముందుకు దూసుకుపోయాయి. గొంతుకూర్చున్న మనిషి వెనక్కి ఎగిరి వెల్లకిలా పడ్డాడు. తల నీళ్ళబండకు కొట్టుకుంది. చెంబు దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. కాళ్ళు మాత్రం ఆగలేదు. కర్రల్లా బిగుసుకుని, మడమలు బండకు రాసుకుంటూ వణుకుతూనే ఉన్నాయి.

"పట్టీ బందుజెయ్యి! లహరీ, పట్టీ బందుజెయ్యవే!" అతని భార్య భూలక్ష్మి పొయ్యి దగ్గరనుంచి అరుస్తూ వచ్చింది.

లహరి తండ్రి నడుముకున్న బొత్తాం నొక్కింది. కాళ్ళు తడిబట్టల్లా వాలిపోయాయి.

"ఏం గాలే, ఏం గాలే" అన్నాడు పోశాలు, తల వెనుక చెయ్యి పెట్టుకుని చూసుకుంటూ. వేళ్ళకు రక్తం అంటింది. "సచ్చిన కాళ్ళకు ఎంత రోషమో సూడు."

ఎవరూ నవ్వలేదు. ఇలా పడడం ఇది మొదటిసారి కాదు.

పోశాలు గీత కార్మికుడు. తాటిచెట్టు మీద నడుముకు చుట్టుకునే మోకు తెగి కిందపడిన రోజునుంచి నడుము కిందంతా చచ్చుబడింది. చెట్టుమీదినుంచి పడినవాళ్ళు ఆ మండలంలో ఏడాదికి ఒకరైనా ఉంటారు. పడి బతికినవాళ్ళు మంచానికే అంకితం. పోశాలు పడ్డ కాలంలో నగరంలో ఒక ప్రయోగశాలవాళ్ళు కొత్తరకం పట్టీ తయారుచేసి, ఇలాంటివాళ్ళకు కట్టి చూస్తున్నారు. నడుముకు బెల్టు, మెడ వెనక ఒక బిళ్ళ, తొడలకూ పిక్కలకూ చుట్లు, వాటిని కలుపుతూ తీగలు. మనిషి మెడ, భుజాలు, వీపు ఎటు కదులుతున్నాయో చూసి, అతనేం చేయబోతున్నాడో పట్టీ తెలుసుకుంటుంది. దానికి తగ్గట్టు కండల్లోకి కరెంటు పంపుతుంది. చచ్చిన కాలు లేచి అడుగు వేస్తుంది. పోశాలు మొదటిసారి గడప దాటి వాకిట్లోకి నడిచినరోజు ఇరుగుపొరుగు వచ్చి చప్పట్లు కొట్టారు. లహరి ఒక్కతే తలుపు వెనక నిలబడి, నేలమీద నిలువుగా పడిన తండ్రి నీడను చూస్తూ ఉండిపోయింది.

తర్వాత ప్రయోగశాల మూతపడింది. పట్టీల తయారీ ఆగిపోయింది. అక్కడి ఇంజనీర్లు వెళ్ళిపోతూ, పట్టీని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేశారు. అంటే దాన్ని ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో దాన్ని తీసుకుని సొంతంగా పట్టీలు చేసుకున్నారు. తీరిక దొరికినప్పుడు నలుగురైదుగురు కూర్చుని దాని బాగోగులు చూస్తారు. ఎవరికీ జీతం లేదు. పట్టీ తప్పు చేస్తే చెప్పుకోవడానికి నెట్‌లో ఒక పేజీ ఉంది. ఆ తప్పును వాళ్ళు బగ్ అంటారు.

లహరి ఆ పేజీలో మొదటిసారి రాసినప్పుడు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీషు అది. 'మా నాన్న పట్టీ ఆయనను విసిరేస్తోంది. దయచేసి చూడండి' అని రాసింది. జవాబు మర్నాడే వచ్చింది.

'మా దగ్గర ఇలా జరగడం లేదు. ఏమేం చేస్తే జరుగుతుందో వరసగా రాయండి. మళ్ళీ జరిపి చూపించలేని బగ్‌ను మేం సరిచేయలేం.'

ఎప్పుడు జరుగుతుందో ఆమెకే తెలియదు. ఒకసారి నీళ్ళబండ దగ్గర, ఒకసారి పొలం గట్టున, ఒకసారి కల్లు మండువలో నలుగురి మధ్య. అదే రాసింది. వారం తిరక్కుండా ఆమె రాసినదాని పక్కన 'మూసివేశాం' అన్న మాట వచ్చి చేరింది.

ఆ మాట చూసి ఆమెకు ముఖం వేడెక్కింది. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల ఆమె. లెక్చరర్ పేరు పెట్టి అడిగితే బల్ల వంక చూసేది. జీవితంలో మొదటిసారి ముక్కూమొహం తెలియనివాళ్ళతో ధైర్యంచేసి ఒక మాట చెబితే, వాళ్ళు నీ మాట నిజమని ఏమిటి నమ్మకం అన్నట్టు తలుపేసేశారు. తండ్రి పడ్డప్పటికంటే అప్పుడే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఇందుమతి అనే ఆవిడ. పట్టీ తయారుచేసిన ప్రయోగశాలలో పనిచేసింది. ఇప్పుడు వేరే ఉద్యోగం. సెలవురోజుల్లో ఈ బగ్‌లు చూస్తుంది.

"లహరీ, నువ్వు అబద్ధం రాశావని ఎవరూ అనలేదమ్మా. ముందు ఆ కోపం తీసెయ్" అందావిడ. వెనకనుంచి కుక్కర్ ఈల వినబడుతోంది. "పట్టీలో ఒక రక్షణ పెట్టాం. మనిషి వెనక్కి పడిపోతున్నాడనిపిస్తే కాళ్ళను గట్టిగా బిగించేస్తుంది, నిలదొక్కుకోవడానికి. అది అక్కర్లేనప్పుడు లేస్తోందని నా అనుమానం. కానీ ఒట్టి అనుమానంతో ముట్టుకుంటే, నిజంగా పడిపోయేవాణ్ణి అది ఆపడం మానేస్తుంది. తెలుస్తోందా?"

"ఆఁ మేడం."

"అందుకే నువ్వు దాన్ని మళ్ళీ జరిపించాలి. జరుగుతున్నప్పుడు పట్టీ తన లెక్కలన్నీ రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటాం. ఆ లాగ్ పంపితే నేను పట్టుకుంటాను. మీ జిల్లా కేంద్రంలో పట్టీలు కట్టే గదిలో బొమ్మకాళ్ళు పెట్టాం కదా, పైన మొండెమూ తలా, కింద కీళ్ళూ కరెంటుకు బిగిసే స్ప్రింగులూ ఉన్నవి? వాటికి కట్టి చెయ్. మనిషికి కట్టి చెయ్యకూడదు. ఈ పరీక్ష మనిషికి అస్సలు చెయ్యకూడదు. తెలుసుగా?"

"ఆఁ మేడం, తెలుసు."

"బొమ్మకాళ్ళు ఉన్నాయిగా అక్కడ?"

పట్టీ చూపిద్దామని లహరి అంతకుముందే జిల్లా కేంద్రానికి పోయి వచ్చింది. ప్రయోగశాల మూతపడ్డప్పుడే బొమ్మకాళ్ళను లారీలో వేసుకుపోయారు. ఆ గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలున్నాయి. లేవు మేడం అనాలని నోరు తెరిచింది. లేవంటే ఈవిడ అయ్యో అంటుంది, తర్వాత చూద్దాం అంటుంది, ఫోన్ పెట్టేస్తుంది. మళ్ళీ ఆ 'మూసివేశాం'.

"ఆఁ మేడం, ఉన్నయి" అంది.

మొదట్లో ఆమె నిజంగానే మనిషిని ముట్టుకోలేదు. రెండు గోనెసంచుల్లో ఇసుక నింపి, కాళ్ళలా కట్టి, వాటికి పట్టీ చుట్టింది. వంచింది, పడేసింది, నెట్టింది. ఇసుకకు కండలుండవు. కరెంటు ఎటు పోవాలో తెలియక పట్టీ కుయ్‌మని మూలిగి ఊరుకుంది.

పోశాలు చేతికర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని అరుగుమీదినుంచి ఇదంతా చూశాడు.

"నేనుండంగ గా సంచులెందుకే బిడ్డా?"

"వద్దు నాయినా. మేడం మనిషికి కట్టద్దన్నది."

"నొప్పయితదనా? నాకు నడుం కింద ఏం నొప్పి? గా ఇసుక సంచికి ఎంత తెలుస్తదో నాకు గంతే తెలుస్తది. దానికంటె నేను మేలు గద, మాట్లాడత." అతను నవ్వాడు. "పట్టు. కట్టు. మీ అవ్వ పత్తి ఏరి వచ్చేటాల్లకు అయిపోవాలె."

అలా మొదలైంది. కాలేజీనుంచి వచ్చాక, తల్లి చేలోనుంచి తిరిగి వచ్చేలోపు, ఇంటి వెనక నీళ్ళబండ దగ్గర. బండ వెనకాల బొంత పరిచేది. పట్టీ కరెంటును సగానికి తగ్గించేది. ఫోన్‌లో లాగ్ తెరిచి పట్టుకుని ఎదురుగా కూర్చునేది.

గొంతుకూర్చోబెట్టింది. ఏమీ కాలేదు. నిలబెట్టి తల వెనక్కి వాల్చమంది. ఏమీ కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తిన చెంబుతో నీళ్ళు తాగించింది. ఏమీ కాలేదు. విసిగిపోయి అసలు ఇది ఒట్టి భ్రమేమో అనుకుంటున్న రోజున, పోశాలు గొంతుకూర్చుని, "ఉండు, దూపయితుంది" అని చెంబెత్తాడు.

కాళ్ళు తన్నుకున్నాయి. బొంత మీద దబ్బున పడ్డాడు. నీళ్ళన్నీ ముఖం మీద.

"నాయినా!" లహరి లేచి గంతేసింది. "దొరికింది నాయినా! రెండు కలువాలె. మోకాళ్ళు మొత్తం మలిచి, తలకాయ ఎనుకకు వాలాలె. రెండు కలిస్తేనే అయితది!"

"నన్ను లేపుతవా, గట్లనే దునుకుతవా?" అన్నాడు పోశాలు, గడ్డంనుంచి నీళ్ళు కారుతుంటే.

ఎక్కడో కుర్చీల్లో కూర్చుని గ్లాసుతో తాగేవాళ్ళకు అది ఎందుకు జరగదో ఆమెకప్పుడు తెలిసింది. మోకాళ్ళు పూర్తిగా మడిచి, తల వెనక్కి వాల్చి, గొంతులోకి నీళ్ళు పోసుకునే మనిషిని ఆ పట్టీ ఎన్నడూ చూడలేదు. వెనక్కి పడిపోతున్నాడని భయపడి కాళ్ళు బిగిస్తోంది.

ఆ రోజు ఆమె వరసలన్నీ రాసింది. ఏం చేస్తే జరుగుతుంది, ఏం చేస్తే జరగదు, ఏది తీసేసినా ఇంకా జరుగుతుంది. చెంబు అక్కర్లేదు, తల వాలితే చాలు. నీళ్ళు అక్కర్లేదు. అది తేల్చుకోవడానికి పోశాలును ఎన్నిసార్లు పడేసిందో రాయలేదు. 'మూసివేశాం' అన్న మాట పోయి 'తిరిగి తెరిచాం' అని వచ్చింది. ఎవరో జర్మనీ ఆయన రాశాడు: 'ఇంత స్పష్టంగా రాసిన బగ్‌ను నేను ఈ మధ్య చూడలేదు.' కింద చాలామంది మెచ్చుకోలుగా, పైకెత్తిన బొటనవేలి బొమ్మలు పెట్టారు. లహరి ఆ వాక్యాన్ని కాలేజీ బస్సులో చదువుకుంది, క్లాసులో బల్ల కింద చదువుకుంది. లెక్చరర్ ఆమె పేరు పిలిచి ఏదో అడిగాడు. మొదటిసారి ఆమె లేచి నిలబడి జవాబు చెప్పింది.

భూలక్ష్మి మొగుడికి స్నానం చేయిస్తూ వీపు చూసింది. భుజాల మీద నల్లగా, ఆకుపచ్చగా కమిలిన మచ్చలు. మడమల తోలు లేచిపోయి, మానకుండా పచ్చిగా ఉంది. కాళ్ళలో నొప్పి తెలియదు కాబట్టి అతను మడమల జోలికే పోలేదు.

"ఏందయ్యా ఇది?"

"పడ్డ."

"ఒక్కసారి పడితె గిన్నయితయా? లహరీ! ఇటు రా!"

లహరి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"పొద్దంత పత్తి ఏరి నేను అక్కడ సస్తుంటె, ఇక్కడ నువ్వు గీ పని జేస్తున్నవా? దూడను గుంజకు కట్టేసినట్టు కట్టేసి ఆడిస్తున్నవా నాయినను?"

"గది కాదవ్వా. బగ్ సరిజేయాలంటె మల్ల జరగాలె. సూపియ్యకుంటె నమ్మరు."

"నమ్మకుంటె సచ్చిండ్రు. ఇగ గొంతుకూసోడు. చెంబెత్తడు. గిలాసతోని తాగుతడు. అయిపాయె గద! ఎవని బగ్ వాడు సూసుకుంటడు."

మాట సరైనదే.

"నేను కుర్సీల బొమ్మ లెక్క కూసొనుడేందే?" అన్నాడు పోశాలు. "మండువల నలుగురు గొంతుకూసుంటె నాకొక్కనికి కుర్సీ ఎయ్యాల్నా? చెరువుకట్ట కాడ పోతె కుర్సీ ఎత్తుకపోవాల్నా? నా బిడ్డ పట్టుకున్నది. దాని దిక్కు పోకు."

"పట్టుకున్నది, పట్టుకున్నది. ఎముకలు గూడ ఏరుకుంటది" అని భూలక్ష్మి బకెట్ ఎత్తి నీళ్ళన్నీ ఒక్కసారి అతని నెత్తిన కుమ్మరించింది.

నిజానికి లహరికి కావలసింది తండ్రి గొంతుకూర్చోవడం కాదు. అతను చెప్పిన మాటలు అడ్డం పెట్టుకోవడానికి దొరికాయి, అంతే. ఆమెకు కావలసింది ఇందుమతి మేడం మళ్ళీ ఫోన్ చేయడం.

చేసింది.

"చాలా బాగా చేశావమ్మా. ఒక్కటే చిక్కు. నీ లాగ్‌లన్నీ సగం కరెంటు మీదున్నాయి. సగం మీద ఈ రక్షణ ఒక దారిన పోతుంది, పూర్తి కరెంటు మీద ఇంకో దారిన పోతుంది. నాకు పూర్తి కరెంటు లాగ్ కావాలి. ఇంకోటి, పాదాలు జారిపోతున్నాయి. జారినప్పుడల్లా లెక్క చెదిరిపోతోంది. పాదాలు కదలకుండా బిగించి చెయ్. మూడుసార్లు. మూడూ ఒకేలా వస్తే ఇక ఎవరూ కాదనలేరు."

"పూర్తి కరెంటా మేడం?"

"బొమ్మకేం కాదులే. స్ప్రింగులు గట్టివే వేశాం."

గోడ అవతల తండ్రి దగ్గడం వినబడుతోంది. లహరి ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఏమ్మా, ఉన్నావా?"

"ఆఁ మేడం. మూడుసార్లు. చేస్త."

శనివారం కాలేజీ లేదు. భూలక్ష్మి చేనుకు పోగానే లహరి బండ దగ్గర బొంత పరిచింది. పోశాలు వచ్చి గొంతుకూర్చున్నాడు. ఆమె బట్టలుతికే రాయిని దొర్లించుకొచ్చి అతని పాదాలకు ఎదురుగా ఆనించింది. రాయి వెనక రెండు సిమెంటు ఇటుకలు పేర్చింది.

"గిదెందుకు?"

"కాళ్ళు జారద్దు నాయినా."

"జారితేనే మంచిగుంటది గదనే, ఉరుకుతయి."

"లెక్క చెదురుతది."

"లెక్కకే పెట్టు మరి" అన్నాడతను, రాయిని అరచేత్తో తట్టి చూస్తూ. లహరి ఫోన్‌లో కరెంటు గీతను చివరిదాకా జరిపింది. అక్కడ ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది. నొక్కి తోసేసింది.

"తల వాల్చు నాయినా."

పోశాలు ముఖం ఆకాశానికెత్తాడు. కాళ్ళు రాయిని తన్నాయి. రాయి కదలలేదు. కాళ్ళలో పోవలసిన బలం నడుములోకి ఎక్కి, మనిషిని గాల్లోకి లేపి బొంత మీద పడేసింది. అతని నోట్లోంచి గాలి హుఫ్‌మని బయటికొచ్చింది.

"అబ్బో" అన్నాడు ఊపిరి తీసుకుని. "ఇది మునుపటి లెక్క గాదు. చెట్టుమీదికెళ్ళి పడ్డట్టే ఉన్నది."

"ఇంక రెండే నాయినా."

రెండోసారి పడ్డాక అతను వెంటనే లేవలేదు. మోచేతుల మీద ఆనుకుని ఆయాసపడ్డాడు. పెదవి పగిలింది. లహరి అతని చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టింది. అతని ఒళ్ళంతా చెమట.

"ఇంకోటి రేపు జేద్దామా బిడ్డా?"

రేపు ఆదివారం, అవ్వ ఇంట్లోనే ఉంటుంది. సోమవారం దాకా ఆగాలి. మేడం ఎదురు చూస్తూ ఉంటుంది. లహరి ఇవన్నీ లెక్కేసుకుంది.

"ఇదొక్కటే నాయినా. ఒక్కటి."

"ఒక్కటే గద" అన్నాడతను. పగిలిన పెదవిని నాలుకతో తడుపుకుని ముఖం పైకెత్తాడు.

ఎండిన మట్ట విరిచినట్టు చప్పుడైంది.

పోశాలు బొంత మీద పడి ఉన్నాడు. నొప్పితో అరవలేదు. అతనికి నొప్పి లేదు. తల కొంచెం ఎత్తి చుట్టూ చూశాడు.

"ఏందే గా సప్పుడు?"

అతని కుడి తొడ నడిమధ్య ఒక కొత్త మలుపు తిరిగి ఉంది. మోకాలి పైన, ఎవరికీ మోకాలు ఉండని చోట. కరెంటు ఇంకా పోతూనే ఉంది. విరిగిన తొడ లోపల కండలు ఎగిరెగిరి పడుతున్నాయి.

లహరి ఫోన్ వంక చూసింది. లాగ్ సేవ్ చేయాలా అని అడుగుతోంది. సేవ్ అని నొక్కింది. సేవ్ అయినట్టు గుర్తు వచ్చేదాకా ఆగింది. అప్పుడు వంగి తండ్రి నడుముకున్న బొత్తాం నొక్కింది.

"ఏం లేదు నాయినా" అంది. "కదలకు."

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. వాడని కాళ్ళలో ఎముక సుద్దముక్కలా గుల్లబారిందనీ, రాడ్డు వేసినా కరెంటు తట్టుకోలేదనీ, ఆ పట్టీ ఇక ఈ జన్మకు కట్టొద్దనీ చెప్పాడు. భూలక్ష్మి కూతురి వైపు చూడలేదు. వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. తిట్టి ఉంటే లహరికి కాస్త నయంగా ఉండేది.

ఆ వరండా చివరే సిగ్నల్ దొరికింది. లహరి మూడు లాగ్‌లూ పంపించింది. గంట కాకముందే ఫోన్.

"లహరీ! దొరికిపోయింది!" ఇందుమతి గొంతులో పండుగ. "మూడోదాంట్లో ఎంత స్పష్టంగా ఉందో తెలుసా? తప్పు ఎక్కడుందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. చివర్లో బలం ఒక్కసారి సున్నాకు పడిపోయింది. బొమ్మ తొడ విరిగినట్టుంది కదా?"

"ఆఁ మేడం."

"విరిగితే విరిగిందిలే. కోలుకోలేని నష్టమేం కాదు, ఇంకోటి తెచ్చుకోవచ్చు. నువ్వు బెంగపెట్టుకోకు."

"ఆఁ మేడం" అంది లహరి.

దిద్దుబాటు రెండే పంక్తులు. పాదాలు నేలమీద ఆని, మోకాళ్ళు పూర్తిగా మడిచి ఉన్నప్పుడు తల వెనక్కి వాలితే, అది పడిపోవడం కాదు. కాళ్ళను బిగించవద్దు. ఆ రెండు పంక్తుల కింద ఇందుమతి కృతజ్ఞతలు రాసింది: 'ఈ బగ్‌ను పట్టిచ్చిన లహరి, తన దగ్గరున్న బొమ్మ విరిగేదాకా ఓపికగా పరీక్షించింది.' ఇండోనేషియానుంచి ఒకామె, తన తమ్ముడు కూడా ఇలాగే పడేవాడనీ, తప్పు అతనిదే అనుకుని రోజూ తిట్టేదాన్ననీ రాసింది.

పోశాలు మంచంలో ఉన్నాడు, కాలు నడుముదాకా కట్టులో ఉంది. పడుకుని పడుకుని వీపు ఒరుసుకుపోతోంది.

"రాసిండ్రా బిడ్డా? సరిజేసిండ్రా?"

"సరిజేసిండ్రు నాయినా."

"నా గురించి ఏమన్న రాసిండ్రా?"

లహరి ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకుంది.

"రాసిండ్రు."

"ఏమని?"

"మస్తు ఓపికని."

పోశాలు ముఖం విచ్చుకుంది. "ఏ ఊరోల్లో ఏమో. మంచోల్లు" అన్నాడు.

పట్టీ ఉత్తగా ఉండకూడదని గీత కార్మికుల సంఘంవాళ్ళు అన్నారు. కొత్తవి రావు కాబట్టి ఉన్న ఒక్కటీ చేతులు మారాలి. పక్క ఊరి సారయ్య నిరుడు ఎండాకాలంలో చెట్టుమీదినుంచి పడ్డాడు. అతన్ని ఆటోలో తీసుకొచ్చి పోశాలు ఇంటి వెనక దించారు. సారయ్యది చిన్న వయసు, దిట్టమైన ఒళ్ళు. లహరి అతని కాళ్ళకు చుట్లు బిగించి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. బగ్ చెప్పినవాళ్ళే దిద్దుబాటును చూసి, సరే అని రాయాలి. అప్పుడే అది పూర్తయినట్టు లెక్క. అది ఆ పేజీవాళ్ళ పద్ధతి.

పోశాలు తననూ బయటికి తేవాలని పట్టుబట్టాడు. మంచాన్ని నలుగురు మోసుకొచ్చి గోడ నీడలో వేశారు. భూలక్ష్మి మాత్రం ఇంట్లోనుంచి రాలేదు.

సారయ్య గోడ పట్టుకుని లేచాడు. అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు, నోరు తెరుచుకుని తన కాళ్ళను తానే చూసుకున్నాడు. ఆటో అతను ఈలేశాడు. లహరి ఫోన్ తెరిచి ఎదురుగా కూర్చుంది.

"గొంతుకూసో మామా. కూసోని చెంబెత్తి నీళ్ళు తాగు."

"పడుతనా?"

"పడవు."

సారయ్య భయం భయంగా కూర్చుని, తల వెనక్కి వాల్చి గుటకలు వేశాడు. కాళ్ళు చెక్కుచెదరలేదు. లహరి లాగ్ సేవ్ చేసింది.

"మల్లోసారి మామా."

అతను ఈసారి ధైర్యంగా తాగాడు. నీళ్ళు గొంతులోంచి గుండెల మీదికి కారుతుంటే నవ్వాడు. "అరె, పోశాలు బావా! సూసినవా? కాళ్ళు ఇట్ల నిలవడ్డయి!"

"సూస్తున్న" అన్నాడు పోశాలు. అతను సారయ్య కాళ్ళను చూడడం లేదు.

"లహరీ" అని పిలిచాడు.

"ఆఁ నాయినా." ఆమె తల ఎత్తలేదు. రెండో లాగ్‌లో బలం గీత పైకి లేస్తుందేమోనని వేలితో జరుపుతూ చూస్తోంది.

"నేను తలకాయ ఎత్తి మొగులు దిక్కు సూసేటోన్ని గద. నీ మొకం ఎన్నడు కనవడకపోయేది" అన్నాడతను మెల్లగా. "నన్ను పడేసినప్పుడు గూడ నువ్వు గిట్లనే ఫోను దిక్కే సూసినవా బిడ్డా?"

సారయ్య చెంబు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇగ సాలునా పిల్లా?" అని అడిగాడు సారయ్య. "ఇంక తాగాల్నా?"

గీత చదునుగానే ఉంది. మూడూ ఒకేలా రావాలి.

"ఇంకొక్కసారి మామా" అంది లహరి. చెంబు తీసుకుని నింపి అతని చేతికిచ్చింది.